కూజా బండి కండక్టరు

మొన్న మా అన్న పిల్లలు నన్ను వనపర్తిలో కొత్తగా తెరిచిన ఒక హోటల్‌కు లాక్కుపోయారు. అక్కడ రోబో వడ్డిస్తుందని వాళ్ళ సంబరం. వడ్డించేదేమీ లేదు, వంటగది గుమ్మం నుంచి మన బల్ల దాకా పళ్ళాలు మోసుకొస్తుంది, అంతే. నడుమెత్తు తెల్లటి డబ్బా, ముఖం ఉండాల్సిన చోట రెండు నీలిరంగు కళ్ళు. మా బల్ల పక్కన ఆగి ఇంగ్లీషులో ఏదో మర్యాద మాట అన్నది. పిల్లలు దాని కళ్ళను ఫోన్లలో వీడియో తీస్తుంటే నేను కుర్చీలోంచి వంగి దాని చక్రాలు చూశాను.

"ఏం జూస్తున్నవ్ అత్తా కింద? ఏమన్న పడ్డదా?" అని మా అన్న కూతురు అడిగింది.

"లేదు. ఎంత దూరం వచ్చిందో దీనికి ఎట్ల తెలుస్తదా అని చూస్తున్న."

"రోబో గద అత్తా, దానికి తెల్వదా" అన్నది ఆ పిల్ల, నా చాదస్తానికి జాలిపడుతూ.

గద్వాలలోని కండక్టరన్న ఉండి ఉంటే ఆ జవాబుతో ఊరుకునేవాడు కాదు. అక్కడే చక్రం పక్కన చతికిలబడి, ఎట్లా తెలుస్తుందో మొదటి నుంచి చెప్పేవాడు. పిల్లల మంచూరియా చల్లారిపోయేది. ఆయన పోయాక ఎక్కడ చక్రం కనబడినా వంగి చూసే ఆ పాడు అలవాటు నాకు మిగిలింది.

గద్వాల హైస్కూల్లో తెలుగు పంతులమ్మగా ఉన్న రోజుల్లో నేను ఆయన ఇంటి మేడమీద గదిలో అద్దెకుండేదాన్ని. కింద ఆయనా, భార్యా. ఆయన బస్సు కండక్టరు. వీధివీధంతా కండక్టరన్న అనేది, నేనూ అదే అన్నాను. అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే ఆయన కూడా వెనక్కి తిరిగి చూసేవాడు కాదేమో.

ఉద్యోగం మనిషి ఒంట్లోకి దిగిపోతుందంటారే, ఆయనలో అది చాలా లోతుకు దిగింది. నిలబడితే రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, మోకాళ్ళు కాస్త వంచి నిలబడేవాడు. కింద నేల ఎప్పుడు కుదుపుతుందోనని నమ్మకం లేనట్టు. చేతికి ఏ కాగితం వచ్చినా, పెళ్ళిపత్రిక కానీ మందుల చీటీ కానీ, నిలువుగా మడిచి వేళ్ళ సందుల్లో పెట్టుకునేవాడు. రేషన్ దుకాణం ముందు వరసలో ఉన్నా "జర ముందుకు జరుగుండ్రి, వెనకాల జాగ లేదు" అనేవాడు. జనం నవ్వుతూనే జరిగేవాళ్ళు. ఆయన సర్వీసు గద్వాల నుంచి రాయచూరుకు. కాబట్టి నోట్లో కొంత కన్నడం. అన్నం చాలంటే "సాకు" అనేవాడు, కుక్కపిల్లను "బా, బా" అని పిలిచేవాడు.

నేను మెట్లు దిగుతుంటే రోజూ అడిగేవాడు.

"ఏడికి టీచరమ్మా?"

"బడికి అన్నా."

టిక్కెట్టు కొట్టినట్టు తల ఊపేవాడు. ప్రతిరోజూ బడికే పోతానని తెలియక కాదు. అడగకపోతే నేను టిక్కెట్టు లేకుండా పోతున్నట్టు ఆయనకు మనసొప్పేది కాదు. మొదట్లో ఈ ఆరా నాకు చిరాకు. కొన్నాళ్ళకు, ఆయన డ్యూటీ మీద ఉండి ఎవరూ అడగని రోజున, నాకే ఏదో మరిచిపోయినట్టుండేది.

ఆయన భార్యను నేను అక్క అనేదాన్ని. లింగాల దగ్గర ఆముదాలు పండించే ఇంటి ఆడబిడ్డ. నేను ఆ ఇంట్లో చేరేటప్పటికే ఆమెకు పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. ముందుగదిలో కిటికీ పక్కన నులకమంచం. పైన కట్టిన తాడు పట్టుకుని కుడిచేత్తో లేచి కూర్చోగలదు, అంతకుమించి కదలలేదు. నోరు మాత్రం ఇద్దరు మనుషుల పని చేసేది. వీధిలో పోయే ప్రతి మనిషినీ ఆ కిటికీలోంచి ఆపి మంచిచెడ్డలు కనుక్కునేది. తన గురించి ఎవరైనా అడిగితే "నాకేంది, మహారాణి లెక్క మంచం దిగకుండ ఉన్న" అని కొట్టిపారేసేది.

పొద్దున డ్యూటీకి పోయే ముందు ఆయన ఆమెను పట్టుకుని పెరట్లో ఉన్న మరుగుదొడ్డి దాకా నడిపించి తెచ్చేవాడు. స్నానం, జడ, బొట్టు అన్నీ ఆయనే. రొట్టె, పప్పు, మంచినీళ్ళ సీసా మంచం పక్కన స్టూలు మీద పెట్టి పోతే, రాయచూరు నుంచి తిరిగి వచ్చేటప్పటికి చీకటి పడేది. నేనూ పొద్దున పోతే సాయంత్రం దాకా బడిలోనే, ఎండాకాలం సెలవుల్లో మా ఊళ్ళో.

ఆయన్ను సతాయించింది ఆ సీసా. రొట్టె తిన్న గుర్తులు ఉండేవి. సీసాలో నీళ్ళు మాత్రం పెట్టినవి పెట్టినట్టే. మే నెలలో, గద్వాల ఎండలో, మనిషి ఇంత తక్కువ నీళ్ళు తాగి ఎట్లా ఉంటుంది?

"ఏందే, నీళ్లు ముట్టలే?" అని అడిగితే అక్క, "వేడిగైనయి, ఎవరు తాగుతరు" అనేది.

అది ఆయన నమ్మాడు. నమ్మడానికి వీలుగానే ఉన్నది కూడా. ముందుగది పడమటి ముఖం, మధ్యాహ్నం గోడ మీద చెయ్యి పెడితే కాలేది. వెనకగది మాత్రం చల్లన. అక్కడ తడిగుడ్డ చుట్టిన మట్టికూజాలో నీళ్ళు పెడితే సాయంత్రానికీ పళ్ళు జివ్వుమనేవి. కానీ కూజా వెనకగదిలో, అక్క ముందుగదిలో.

"కూజనే నడుచుకుంట ఆమె దగ్గరికి రావాలె" అన్నాడు ఒకరోజు నాతో, పంచాంగం చూసి ముహూర్తం చెప్పినంత నిబ్బరంగా. "పిలిస్తే రావాలె, నీళ్లిచ్చి మళ్ల సల్లటి జాగకు పోవాలె."

రాయచూరు బస్టాండులో తిరుగు ప్రయాణానికి ఆగే సమయంలో ఆయన ఫోన్లో రోబోల వీడియోలు చూస్తున్నాడని నాకు అప్పుడు తెలిసింది. మిగతావాళ్ళు టీ తాగేటప్పుడు ఈయన చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, రానివి వచ్చినవి అన్ని భాషల్లోనూ వినేవాడట. వాళ్ళ మాట తెలియకపోయినా చేతులు చూస్తే తెలుస్తుందనేవాడు.

వానాకాలం అంతా ఆ ఇంట్లో బండి తయారయింది. పాత వ్యాన్ల అద్దాలు తుడిచే మోటర్లు రెండు, స్కూటరు బ్యాటరీ, విరిగిన బల్ల తాలూకు చెక్క, మధ్యలో కూజా కూర్చోవడానికి తలపాగా గుడ్డతో చుట్టిన కుదురు. మొదటిసారి నడిపిన రోజు నన్ను కూడా పిలిచాడు. "రైట్ రైట్" అని మీట నొక్కాడు. బండి కదిలింది, నాలుగడుగులు పోయి ఎడమకు తిరిగింది, పోయి పోయి గోడవారనున్న రోటికి గుద్దుకుని అక్కడే గుర్రుమంటూ నిలబడింది.

"మీ రాయచూరు డ్రైవరు గాని ఎక్కిండా దాంట్ల" అన్నది అక్క మంచం మీంచి.

ఆయనకు కోపం రాలేదు. రోటి పక్కన కూర్చుని నాకు పాఠం చెప్పాడు.

"రెండు మోటర్లు ఒక్క తీరుగ తిరగవు టీచరమ్మా. జోడెడ్లల్ల ఒకటి గుంజుతది, ఒకటి నిలుస్తది గద, గట్ల. నువ్వు తిరుగు అని చెప్తే తిరుగుతయి. ఎంత తిరిగిండ్రని అడిగితే వాటికే తెల్వదు. ఎక్కువ తిరిగింది, తక్కువ తిరిగినదాని కోసం ఆగాలె. ఆగాలంటే ముందు లెక్క తెల్వాలె."

"లెక్క ఎట్లా తెలుస్తుంది?"

"నాకు బస్సుల కండ్లు మూసుకున్నా ఏ ఊరొచ్చిందో తెలుస్తదా లేదా? రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లుంటయి. చక్రానికి గూడ రాళ్లు నాటాలె."

వీడియోలవాళ్ళు ఆ సామానును ఎన్‌కోడర్ అంటారు. తయారుగా దొరుకుతుంది, తెప్పించుకోవచ్చు కదా అన్నాను. దాని ధర విని ఫోను కింద పెట్టేశానన్నాడు. పైగా కొన్నది చెడిపోతే గద్వాలలో దాని ముఖం చూసేవాడు ఎవడూ లేడు. తాను చేసింది చెడిపోతే మళ్ళీ తానే చేసుకోవచ్చు.

అట్లా పెళ్ళిపత్రికల అట్టలతో మొదలుపెట్టాడు. తెల్లటి అట్ట మీద అక్క గాజు పెట్టి గుండ్రంగా గీసి కత్తిరించేవాడు. దాన్ని సగానికి, మళ్ళీ సగానికి, మళ్ళీ సగానికి మడిచేవాడు. జీవితమంతా నోట్లు మడిచిన వేళ్ళు కదా, విప్పితే గీతలు వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చేవి. ఒక గడి నలుపు, ఒక గడి తెలుపు. ఆ బిళ్ళను చక్రం ఇరుసుకు అంటించి, ఎదురుగా పాత కంప్యూటరు మౌసులోంచి పీకిన చిన్న జత ఒకటి పెట్టేవాడు. అందులో ఒకటి మన కంటికి కనబడని వెలుగు వేస్తుంది. రెండోది ఆ వెలుగు తిరిగి వస్తుందా అని చూస్తుంది. తెలుపు వెనక్కి పంపుతుంది, నలుపు మింగేస్తుంది. చక్రం తిరుగుతుంటే వెలుగూ చీకటీ, వెలుగూ చీకటీ. ఎన్నిసార్లు మారిందో బండిలోని చిన్న సర్క్యూట్ బోర్డు లెక్కపెట్టుకుంటుంది. నాలాంటి తెలుగు పంతులమ్మకు కూడా అర్థమయ్యేట్టు చెప్పాడు కాబట్టే ఇంత గుర్తుంది.

చెప్పడం బాగానే ఉంది. బిళ్ళ తిరిగేది, లెక్క మాత్రం వచ్చేది కాదు. వైర్లన్నీ పీకి మళ్ళీ అతికాడు. మౌసులు మార్చాడు. నల్లగడులు చిక్కగా రావాలని నా దగ్గర పిల్లల బొమ్మలకు వాడే నల్ల స్కెచ్‌పెన్నులు అడిగి తీసుకుని, గడి గడికీ రెండు మూడు పూతలు పూశాడు. చూస్తే నిగనిగలాడే నలుపు. బోర్డుకు మాత్రం ఒక్క రాయీ కనబడలేదు. ఎప్పుడూ విసుక్కోని మనిషి ఆ వారాల్లో నా మీద కూడా విసుక్కున్నాడు. ఏడికి టీచరమ్మా అని అడగడమే మానేశాడు.

ఒక ఆదివారం అక్క ఇదంతా చూసి చూసి అన్నది:

"నలుపు సాలుతలేదేమో. నా కాటుక పెట్టి సూడు."

"ఇంతకన్న నలుపు ఏముంటదే?"

"నువ్వు పెట్టి సూడు ముందు. మా అమ్మ చేసిన కాటుక. ఆముదం దీపం మీద రాగి చెంబు బోర్లించి పట్టింది. గా పెన్నులు నిన్న మొన్న పుట్టినయి."

ఆమె నోరు మూయించడానికే ఆయన కాటుక భరిణె తీశాడు. చిటికెనవేలితో గడులకు పూసి బిళ్ళను చేత్తో తిప్పాడు. బోర్డు మీద చిన్న దీపం మినుకుమన్నది. మళ్ళీ తిప్పాడు. గడి గడికీ మినుకుమన్నది. ఆయన భరిణెను చూశాడు, అక్కను చూశాడు. పోయి ఆమె పాదాల దగ్గర మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఆమె మాత్రం ఆ రోజంతా కిటికీలోంచి వీధికి చాటింపు వేసింది.

మర్నాడు మా బడిలో సైన్సు సారును అడిగితే ఆయన తేల్చాడు. కొన్ని రంగులు మన కంటికే నలుపు, ఆ కనబడని వెలుగుకు అవి తెల్లకాగితమే. మసి మాత్రం ఏ వెలుగుకైనా మసే. ఈ మాట నేను మోసుకొచ్చాక ఇంట్లో ఉన్న నలుపులన్నిటికీ పరీక్ష జరిగింది. నా గొడుగు బట్ట తప్పింది, అక్క నల్ల రవిక తప్పింది, సైకిల్ ట్యూబు నెగ్గింది, పెనం అడుగు మసి నెగ్గింది. కాటుకలో నూనె ఉంటుంది కాబట్టి రెండు రోజుల్లో అది తెల్లగడుల్లోకి పాకి బిళ్ళంతా బూడిదరంగు అయింది. అప్పుడు పొడిమసిని తుమ్మబంకలో కలిపి పూశాడు. అది ఆరాక గోటితో గీకినా రాలేదు.

ఇక మిగిలింది బండి మంచం దగ్గర ఆగడం. అక్క చెయ్యి చాపితే కూజా మెడ అందాలి. ముందుకు వస్తే మంచం కోడుకు గుద్దుకుంటుంది, వెనక ఆగితే ఆమె వంగలేదు. బండలు పరిచిన నేల మీద బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి, బిళ్ళనే చూస్తూ పెదాలు కదిపి లెక్కపెట్టేవాడు. నీళ్ళు ఒలికిన చోట చక్రం జారి ఉన్నచోటే తిరిగేది. లెక్క మాత్రం పెరిగేది. "ఇది పోయిన అనుకుంటుంది, పోలే" అని చక్రాలకు ట్యూబు ముక్కలు తొడిగాడు. ఒకసారి అక్క బండిని కర్రతో వెనక్కి నెట్టింది. వెనక్కి పోయింది కూడా అది ముందుకు పోయినట్టే లెక్క వేసుకుని మరుసటిసారి గది మధ్యలోనే ఆగిపోయింది. దానికి రెండో కన్ను పెట్టి, ఏ కన్ను ముందు చూసిందో దాన్నిబట్టి ముందువెనకలు తెలిసేట్టు చేశాడు. అదెట్లాగో నాకు ఇప్పటికీ సరిగా అర్థం కాలేదు, అర్థమైనట్టు తల ఊపాను.

చలి తగ్గి ఎండ మొదలయ్యే రోజులకు బండి పూర్తయింది. అక్క చేతిలో పాత టీవీ రిమోటు. నొక్కితే వెనకగదిలోంచి కూజా బయలుదేరేది. గడప తీసేసిన గుమ్మం దాటి, బండల అతుకుల మీద టకటకమంటూ తిన్నగా వచ్చి మంచం పక్కన ఆగేది. ఇంకో మీట నొక్కితే వెనక్కి. మొదటి రోజు సాయంత్రం కూజా ఖాళీ. రెండో రోజూ ఖాళీ. ఆయన ఖాళీ కూజాను ఎత్తుకుని మేడమెట్లు సగం ఎక్కి నాకు చూపించాడు.

"సూడు టీచరమ్మా. సల్లటి నీళ్లు దొరికితే ఎందుకు తాగదు మనిషి?"

ఆయన కాలు నేల మీద నిలవలేదు. డ్రైవర్లకు చెప్పాడు, రాయచూరు దాకా ప్రయాణికులకు చెప్పాడు. కొల్లాపూర్ నుంచి చుట్టాలు వస్తే భోజనాల కంటే ముందు బండి నడిపించి చూపించాడు. నాకూ ఆ మనిషిని చూస్తే ముచ్చటేసేది. మధ్య వయసు దాటాక పెళ్ళాం దాహం కోసం ఇంత చదువు చదివిన మగవాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు.

శివరాత్రి వెళ్ళిన వారమో ఏమో, బడిలో ఆలస్యమై నేను చీకటి పడ్డాక వచ్చేటప్పటికి కింద తలుపు బార్లా తెరిచి ఉంది. ఆయన అప్పుడే డ్యూటీ దిగినట్టున్నాడు, సంచి ఇంకా భుజానికే ఉంది. అక్క చలిజ్వరంతో వణికిపోతోంది. మాట తడబడుతోంది. ఆ నోరు తడబడటం నేనెప్పుడూ వినలేదు, భయమేసింది. ఆటో పిలిచి ఇద్దరం చెరోవైపు పట్టుకుని దవాఖానకు తీసుకుపోయాం.

సెలైన్ పెట్టి, పరీక్షలు చేశాక డాక్టరమ్మ ఆయన్ను పిలిచింది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ బాగా ముదిరింది, ఒంట్లో నీరు లేదు, ఇంకొంచెం ఆలస్యమైతే కిడ్నీల మీద పడేది అన్నది. "నీళ్ళు అసలు తాగదా ఈమె?" అని అడిగింది.

"తాగుతది మేడం. రోజు కూజెడు తాగుతది. నేను బండి పెట్టిన" అన్నాడు ఆయన.

డాక్టరమ్మకు బండి ఏమిటో అర్థం కాలేదు. అక్క వైపు తిరిగింది. "నిజం చెప్పమ్మా. తాగుతావా?"

అక్క పైన తిరిగే ఫ్యాను వైపు చూసింది.

"పారబోస్త" అన్నది.

అక్క ఈసారి ఆయనతోనే చెప్పింది, మెల్లగా, జ్వరంలో ఆగి ఆగి.

"కిటికీల నుంచి పారబోస్త. తాగితే లేవాలె గద. పొద్దుగూకేదాంక నన్ను ఎవరు లేపుతరు? పక్కింటోళ్లను నీళ్లు అడుగుతం గాని గిది అడుగుతమా? ఒక్కపారి మంచంల అయింది. నువ్వొచ్చి గుడ్డలు పిండినవ్. గా దినం నుంచి తాగుడు బంద్ జేసిన."

"మరి నాకు వేడి నీళ్లని ఎందుకు చెప్పినవ్?"

"ఏదో ఒకటి చెప్పాలె గద. సీసా నిండుగ ఉంటే నువ్వు పరేషాన్ అయితుంటివి. బండి వచ్చినంక నీ మొఖం సూసి, నీళ్లు మిగిలిస్తే నీ పాణం ఉసూరుమంటదని పారబోసిన."

ఆయన చేతిలో మందుల చీటీ ఉంది. దాన్ని నిలువుగా మడిచాడు, ఇంకా మడిచాడు, మడవడానికి వీల్లేనంత సన్నం చేశాడు. బయటికి వచ్చి వరండా బెంచీ మీద కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. పాఠాలు చెప్పే నోరు అట్లాంటప్పుడు ఎందుకూ పనికిరాదు.

ఆ చీటీనే చూస్తూ అన్నాడు:

"గా సీసా నిజం చెప్తుండె టీచరమ్మా. దాన్ని తీసేసి నేను బండి పెట్టిన."

"బండి తప్పేముంది అన్నా, పిలిచినప్పుడల్లా వచ్చింది."

"వచ్చింది. వచ్చుడే తెలుసు దానికి. నాకూ గంతే తెలిసింది." కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చాడు. "ఇన్నేండ్లు జడేసిన, బొట్టు పెట్టిన. నీళ్లు ఎందుకు తాగుతలేవంటే ఆమె ఒక మాట చెప్పింది, నేను సరే అన్న. ఇంకోపారి అడుగుతే నా సొమ్మేం పోయేది?"

ఆయన చేసిన తప్పు పెద్దదని నేను అనుకోను. ఎదుటి మనిషి చెప్పిన కారణం మన చేతిలో ఉన్న పనికి సరిపోతే మనం దాన్ని అంతటితో వదిలేస్తాం. వేడి నీళ్ళయితే చల్లబరచవచ్చు. దానికి మోటర్లున్నాయి, బోర్డులున్నాయి, వీడియోలున్నాయి. సిగ్గుకు ఏ వీడియో ఉంది? అయినా ఆ బెంచీ మీద ఆయన కుంగిపోవడం చూసి నాకు ఏడుపొచ్చింది. అంత ప్రేమ పెట్టి, అంత ఓపిక పెట్టి, గది ఈ చివర నుంచి ఆ చివర దాకా అంగుళం తప్పకుండా కొలిచి, మంచం దాకా వచ్చి ఆగిపోయాడు ఆ మనిషి.

అక్క నాలుగైదు రోజుల్లో ఇంటికి వచ్చింది. ఆయన డిపోకు పోయి రాయచూరు సర్వీసు వదిలేస్తానన్నాడు. అది ఆయనకు ఎంత ఇష్టమైన రూటో తెలిసినవాళ్ళు నమ్మలేదు. సరిహద్దు దాటడం, అవతల కన్నడం, ఆ బస్టాండులో టీ, అన్నీ ఆయనవి. కొత్తగా చేరినవాళ్ళకు ఇచ్చే చుట్టుపక్కల పల్లెల బస్సు అడిగి తీసుకున్నాడు. గుంతల రోడ్డు, కోళ్ళు, యూరియా బస్తాలు, చిల్లర కోసం తగాదాలు. కానీ ఆ బస్సు మధ్యాహ్నం గద్వాలకు తిరిగి వస్తుంది, కాసేపు ఆగి మళ్ళీ పోతుంది. "పెద్ద రోడ్డు వదిలి మన్ను రోడ్డు పట్టిండు" అని తోటివాళ్ళు ఆటపట్టించారు. ఆయన ఎవరికీ కారణం చెప్పలేదు.

కొత్త డ్యూటీ మొదటి రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మధ్యాహ్నం అక్క దగ్గర కూర్చుని ఆమె చెప్పే వీధి సంగతులు వింటున్నాను. ఆయన ఖాకీ చొక్కా చెమటతో, ఒంటినిండా దుమ్ముతో వచ్చాడు. సంచి గోడకు తగిలించి అక్కను లేపాడు. ఆమె చెయ్యి తన భుజం మీద వేసుకుని పెరట్లోకి తీసుకుపోయాడు. ఎండలో ఇద్దరూ మెల్లగా పోవడం, మెల్లగా రావడం కిటికీలోంచి కనబడింది. తెచ్చి మంచం మీద కూర్చోబెట్టి, తలకింద దిండు సర్దాడు.

అక్క రిమోటు తీసుకుని మీట నొక్కింది. కూజా బండి టకటకమంటూ వచ్చి ఆగింది. ఆమె గ్లాసులోకి వంచుకుని గుటగుటా తాగేసింది. గ్లాసు దించి, పెదాలు తుడుచుకుని ఆయన్ను అడిగింది.

"మళ్ల ఎప్పుడొస్తవ్?"

"నాలుగింటికి బస్సు వస్తది. రాంగనే వస్త."

అక్క మనసులో ఏదో లెక్క వేసుకున్నట్టుంది. తర్వాత కూజా మెడ పట్టుకుని ఇంకో గ్లాసు వంచుకుంది.